పైన కిరీటం, కింద తోరణం, నడుమ మామూలు ఆఫీసు

2017 అక్టోబరులో న్యూయార్క్‌లోని 550 మాడిసన్ అవెన్యూ భవనం యజమానులు ఒక ప్రకటన చేశారు. టవర్ కింది భాగంలో వీధివైపు ఉన్న గ్రానైటు తీసేసి గాజు పెడతామన్నారు. కొద్ది రోజుల్లోనే ఆర్కిటెక్టులు నిరసన అట్టలు పట్టుకుని ఆ భవనం ముందు నిలబడ్డారు. 2018 జూలై 31న చారిత్రక కట్టడాల్ని చూసే నగర సంస్థ దాన్ని పరిరక్షించాల్సిన కట్టడంగా ప్రకటించింది. అప్పటికి దాని వయసు 34 ఏళ్లు. తమాషా ఏమిటంటే, ఇదే భవనం నమూనా 1978లో బయటికి వచ్చినప్పుడు ఆ వృత్తిలోని వాళ్లే చాలామంది నవ్వారు. పైన ఉన్న కప్పుని చూసి ఇది ఆకాశహర్మ్యమా, చెక్క బీరువానా అన్నారు.

ఇలాంటి తగువు అమెరికాలో ఊరూరా నడుస్తోంది. పోర్ట్‌లాండ్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయ భవనానికి కొత్త చర్మం తొడిగారు. షికాగోలో 1985 నాటి థాంప్సన్ సెంటర్ గాజంతా ఊడదీశారు. ఇవన్నీ ‘పోస్ట్‌మోడర్న్’ అనే ఒకే పేరు కింద లెక్కకొస్తాయి. ఆ పేరుకి అర్థమేమిటి, ఆ భవనాల్లో నిజంగా వేరుగా ఉన్నదేమిటి, అందరిలాగే ఉన్నదేమిటి అన్నది విడదీసి చూస్తేనే ఈ తగువులు అర్థమవుతాయి.

పేరు తెచ్చే తికమక

తెలుగు పాఠకులకు ‘ఆధునికోత్తరం’ అనే మాట సాహిత్య చర్చల్లోంచి పరిచయం. అక్కడ దాని అర్థం ఎంత సాగుతుందో చెప్పలేం. భవన నిర్మాణంలో మాత్రం అది చాలా ఇరుకైన, చేత్తో తాకి చూడగల విషయం. ముందు ‘మోడర్న్’ అంటే ఏమిటో చూస్తే చాలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా నగరాల్లో లేచిన గాజు పెట్టెలే మోడర్న్ ఆఫీసు టవర్లు. చదునైన పైకప్పు, కింది నుంచి పైదాకా ఒకే తీరు గోడ, అలంకారం నిషిద్ధం. భవనం ఎలా నిలబడిందో అలాగే కనబడాలి అన్నది వాళ్ల పట్టుదల. పోస్ట్‌మోడర్న్ అంటే ఆ నిషేధాన్ని ఎత్తేయడం. తోరణాలు, స్తంభాలు, రంగురాళ్లు, వాలుకప్పులు, పాత శైలుల గుర్తులు మళ్లీ వచ్చాయి. ఈసారి అవి ఉక్కు చట్రానికి తగిలించిన తొడుగుగా వచ్చాయి.

‘మోడర్న్ నిజాయితీ, పోస్ట్‌మోడర్న్ వేషం’ అని చాలామంది సులువుగా తేల్చేస్తారు. అది అంత నిజం కాదు. మోడర్న్ టవర్లకు తలమానికంగా చెప్పే సీగ్రమ్ బిల్డింగ్‌నే తీసుకోండి. 1958లో మీస్ వాన్ డెర్ రో కట్టిన ఆ భవనం గోడ మీద నిలువునా కంచు ఐ-బీములు, అంటే ఇంగ్లిషు ‘I’ అక్షరం ఆకారపు దూలాలు, కనిపిస్తాయి. అవి భవనాన్ని మోయవు. అగ్నిప్రమాద నిబంధనల వల్ల అసలు ఉక్కుని కాంక్రీటులో దాచేయాల్సి వచ్చింది. లోపల ఉక్కు ఉందని చెప్పడానికి బయట కంచు తగిలించారు. అంటే అదీ అలంకారమే, కాకపోతే అలంకారం కానట్టు కనబడే అలంకారం. ఆ భవనంలో మీస్‌తో కలిసి పనిచేసిన ఫిలిప్ జాన్సన్, ఇరవై ఏళ్ల తర్వాత 550 మాడిసన్ గీసి ఎదుటి పక్షానికి పెద్ద దిక్కయ్యాడు. 1979 జనవరిలో టైమ్ పత్రిక ముఖచిత్రంలో ఆ భవనం నమూనాని చేత్తో పట్టుకుని నిలబడ్డది ఆయనే.

37 అంతస్తులకి 647 అడుగులు ఎలా వచ్చాయి?

550 మాడిసన్ మొదట ఏటీ అండ్ టీ టెలిఫోన్ కంపెనీ ప్రధాన కార్యాలయం. ఫిలిప్ జాన్సన్, జాన్ బర్గీ రూపకల్పన. ఉక్కు చట్రం లెక్కలు లెస్లీ రాబర్ట్‌సన్‌వి. వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట టవర్ల చట్రం లెక్కలు కూడా ఆయనవే. 1984లో పూర్తయింది. దీర్ఘచతురస్రపు గడి, మామూలు అంతస్తులు, మధ్యలో లిఫ్టులు: లోపల ఏ ఆఫీసు టవర్‌కైనా ఇదే అమరిక.

తేడా ఎక్కడుందో ఒక చిన్న పోలికలో దొరుకుతుంది. సీగ్రమ్‌లో 38 అంతస్తులు, ఎత్తు 515 అడుగులు. ఏటీ అండ్ టీలో 37 అంతస్తులు, ఎత్తు 647 అడుగులు. ఒక అంతస్తు తక్కువై కూడా 132 అడుగులు ఎక్కువ! కొంత ఎత్తు అంతస్తుల మధ్య దూరంలోకి పోయింది. కొంత నేల మీద నిలబడ్డ పెద్ద తోరణాల్లోకి, వాటి పైనున్న స్కై లాబీలోకి, అంటే ఎత్తులో పెట్టిన ప్రవేశ హాలులోకి పోయింది. మిగిలింది తల మీది పెడిమెంట్‌లోకి పోయింది. పెడిమెంట్ అంటే గ్రీకు గుడి ముఖం మీద కనిపించే త్రికోణపు కప్పు. జాన్సన్ దాన్ని శిఖరం దగ్గర గుండ్రంగా చెక్కేసి ‘విరిగిన పెడిమెంట్’ చేశాడు. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లిషు చెక్కపనిలో బీరువాల మీద ఇలాంటి ఆకారమే ఉండేది. ఆ కాలపు చెక్కపనివాడి పేరు మీద ‘చిపెండేల్’ అన్న వెక్కిరింపు పేరు అలా వచ్చింది.

పీఠం, నిలువు, శిరస్సు అన్న ఈ మూడు భాగాల విభజనే పోస్ట్‌మోడర్న్ టవర్‌కి అసలు గుర్తు. మన గుడి స్తంభానికి పీఠం, కంబం, బోదె ఉన్నట్టే. 1890ల నుంచి 1930ల దాకా అమెరికన్ టవర్లు అలాగే కట్టారు. మోడర్నిస్టులు ఆ మూడింటినీ చెరిపి ఒకే పెట్టె చేశారు. పోస్ట్‌మోడర్నిస్టులు మళ్లీ విడదీశారు. కాబట్టి ఇలాంటి భవనాన్ని అర్థం చేసుకోవాలంటే నడుమ భాగాన్ని చూసి లాభం లేదు. డబ్బు ఖర్చయింది మూడు చోట్ల: అడుగున, తొడుగులో, తల మీద.

తొడుగు: రాయి గోడలా కనిపిస్తుంది, కానీ పటంలా వేలాడుతుంది

ఏటీ అండ్ టీ బయటంతా గులాబీ రంగు గ్రానైటు. కనెటికట్ రాష్ట్రంలోని స్టోనీ క్రీక్ క్వారీ రాయి, సుమారు 13,000 టన్నులు. 1973 చమురు సంక్షోభం తర్వాత గాజు గోడల ఏసీ ఖర్చు అందరికీ గుర్తుకొచ్చిన రోజులవి. కిటికీలు తగ్గించి గట్టి గోడ పెంచడానికి అది కూడా ఒక సాకు దొరికింది.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైటో, కరీంనగర్ టాన్ బ్రౌనో వంటింటి గట్టు మీద వేయించుకున్నవాళ్లకి పలక బరువు తెలుసు. ఘనపు మీటరు గ్రానైటు దాదాపు 2,700 కిలోలు. 3 సెంటీమీటర్ల మందం పలకైతే చదరపు మీటరుకి 81 కిలోలు. అదే 12.5 సెంటీమీటర్లైతే 337 కిలోలు. 6 మిల్లీమీటర్ల గాజులు రెండు పెట్టిన కిటికీ గాజు చదరపు మీటరుకి 30 కిలోలే, అల్యూమినియం చట్రం కలిపినా 50 దాటడం అరుదు. కాబట్టి రాతి తొడుగు అనగానే అంచు దూలాలు లావెక్కుతాయి, పునాది మీద భారం పెరుగుతుంది, క్రేను సామర్థ్యం పెరగాలి.

ఈ రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినవి కావు. పేరిస్తే అడుగు వరుస మొత్తం ఎత్తు బరువు మోయాలి, చట్రం ఊగినప్పుడల్లా రాయి పగలాలి. అందుకే ప్రతి అంతస్తు అంచు దూలానికి ‘షెల్ఫ్ యాంగిల్’ అనే ఎల్ ఆకారపు ఉక్కు పట్టీ బిగిస్తారు. ఆ అంతస్తు రాయి దాని మీద కూర్చుంటుంది. పక్కలకి జారకుండా, గాలికి బయటికి లాగకుండా స్టెయిన్‌లెస్ స్టీల్ యాంకర్లు రాయి అంచులో కోసిన గాడిలోకి దూరి పట్టుకుంటాయి. బరువుని ఒకటి మోస్తుంది, గాలిని ఇంకొకటి ఆపుతుంది. రెండు పనులూ ఒకే యాంకర్‌కి అప్పగిస్తే రాయి కదలడానికి చోటుండదు.

కదలిక ఎంత? ఒక అంతస్తు 4 మీటర్లు అనుకుందాం. ఎండకీ చలికీ రాతి ముఖం 50 డిగ్రీలు మారితే, గ్రానైటు వ్యాకోచం లెక్కన 1.6 మిల్లీమీటర్లు సాగుతుంది. మనుషులు, బల్లలు, ఫైళ్లు చేరాక అంచు దూలం 6 మిల్లీమీటర్లు కిందికి వంగుతుంది అనుకోండి. స్తంభాలు బరువుకి కుంచించుకునేది మరో 1.4. మొత్తం 9 మిల్లీమీటర్లు. సందులో నింపే సీలెంట్ తన వెడల్పులో సగానికి మించి నలగకూడదు అనుకుంటే 18 మిల్లీమీటర్ల సందు వదలాలి. పనివాళ్ల కొలతల్లో వచ్చే తేడాకి ఇంకో 3 కలిపితే 21. రోడ్డు మీద నిలబడి ఇలాంటి టవర్‌ని చూస్తే రాళ్ల మధ్య గీతలు సన్నగా ఉండి, అంతస్తుకొకటి మాత్రం లావుగా కనిపించడానికి ఇదే కారణం. ఆ లావు గీత అందాన్ని చెడగొడుతుందని కొందరు డిజైనర్లు దాన్ని రాతి పట్టీ వెనక దాచేస్తారు. మోసం అనుకోనక్కర్లేదు, చక్కటి పనితనమే.

ఇక్కడే తప్పులూ జరుగుతాయి. రాయి అమర్చేటప్పుడు మట్టం కోసం సందులో పెట్టిన ప్లాస్టిక్ బిళ్లలు తీయడం మర్చిపోతే, ఆ సందు పేరుకే సందు. దూలం వంగినప్పుడు బరువు బిళ్ల మీదుగా కింది రాతికి దిగుతుంది, రాయి అంచు పెచ్చులూడుతుంది. రెండోది నీరు. రాతి తొడుగు పూర్తిగా నీటిని ఆపదు. వెనకున్న ఖాళీలోకి కొంత చేరుతుంది, అది కిందికి జారి చిన్న రంధ్రాల్లోంచి బయటికి పోవాలి. ఏళ్ల తర్వాత మరమ్మతుకి వచ్చిన మనిషి ఆ రంధ్రాలు చూసి ‘అయ్యో, ఇక్కడ వదిలేశారు’ అని సీలెంట్‌తో పూడ్చేస్తాడు. నీరు లోపలే నిలుస్తుంది, ఉక్కు తుప్పు పడుతుంది. చలిదేశాల్లో గడ్డకట్టి రాయిని నెడుతుంది కూడా.

రాయి ఎంపికే తప్పైతే ఏమవుతుందో షికాగోలో చూశారు. 1974 నాటి అమోకో టవర్ పోస్ట్‌మోడర్న్ కాదు గానీ, రాతి తొడుగులకి అదొక పెద్ద పాఠం. ఇటలీ కరారా పాలరాయిని పల్చగా, మూడు సెంటీమీటర్లకి కాస్త ఎక్కువ మందంతో కోసి తగిలించారు. వేడికీ చలికీ పాలరాతి స్ఫటికాలు ఒక్కో దిక్కులో ఒక్కోలా సాగి, తిరిగి మొదటి చోటుకి రావు. పలకలు పళ్లేల్లా వంగిపోయాయి. 1990 తర్వాత సుమారు 43,000 పలకల్నీ తీసి 2 అంగుళాల మందం నార్త్ కరొలైనా గ్రానైటు పెట్టారు. ఖర్చు 8 కోట్ల డాలర్లు దాటింది. గ్రానైటుకి ఆ జబ్బు దాదాపు లేదు. 1980ల టవర్లు చాలా గ్రానైటు వైపు మళ్లడంలో రంగుతో పాటు ఇలాంటి అనుభవాలకీ వాటా ఉంది.

అయితే పోస్ట్‌మోడర్న్ అంటే రాయే అనుకోకూడదు. తెలుగువాళ్లకి వేంకటేశ్వరస్వామి గుడితో గుర్తుండే పిట్స్‌బర్గ్‌లో, నగరం నడిబొడ్డున పీపీజీ ప్లేస్ ఉంది. అదీ జాన్సన్, బర్గీల పనే, 1984లోనే పూర్తయింది. ఆరు భవనాల సముదాయంలో 40 అంతస్తుల టవర్, 635 అడుగులు. పీపీజీ గాజు తయారుచేసే కంపెనీ కాబట్టి అంతా అద్దమే: 19,750 గాజు పలకలు. ఆకారం మాత్రం లండన్ పార్లమెంటు గోపురాన్ని గుర్తుచేసే గోథిక్ (యూరప్ పాత చర్చిల శైలి), పైన 231 సూదిమొనలు. గాజు పెట్టెని వెక్కిరించే పని గాజుతోనే చేశారన్నమాట.

అడుగు భాగం: ఊరికే ఇచ్చిన అరుగు కాదు

ఏటీ అండ్ టీ కింద స్తంభాల మధ్య ఎత్తైన ఖాళీ వదిలి, ఎవరైనా నడిచేలా చేశారు. వెనకవైపు గాజు కప్పుతో నడవా. ఇది కంపెనీ దానబుద్ధితో మాత్రమే జరగలేదు. న్యూయార్క్ 1961 నిబంధనల్లో ఒక బేరం ఉంది: నువ్వు జనానికి చోటు ఇవ్వు, నేను నీకు అదనపు అంతస్తులు ఇస్తాను.

లెక్క ఇలా ఉంటుంది. స్థలం 30,000 చదరపు అడుగులు అనుకుందాం. ఆ ప్రాంతంలో ఎఫ్ఏఆర్ 15, అంటే స్థలానికి 15 రెట్ల నేల కట్టుకోవచ్చు: 4,50,000 చదరపు అడుగులు. జనానికి చోటు వదిలినందుకు 20 శాతం అదనం వస్తే ఎఫ్ఏఆర్ 18 అవుతుంది: 5,40,000. అంటే 90,000 చదరపు అడుగుల ఆఫీసు అదనంగా వచ్చింది. అంతస్తుకి 18,000 చొప్పున 5 అంతస్తులు. హైదరాబాద్‌లో 2006లో ఎఫ్ఎస్ఐ (ఎఫ్ఏఆర్‌కే ఇంకో పేరు) పరిమితి ఎత్తేసి, ఎత్తుని రోడ్డు వెడల్పుకీ చుట్టూ వదిలే ఖాళీకీ ముడిపెట్టారు కాబట్టి అచ్చం ఇలాంటి బేరానికి అక్కడ చోటు లేకపోయింది. ఐటీ టవర్ల కింద జనం కూర్చునే అరుగులు అరుదుగా కనిపించడానికి ఇదొక్కటే కారణమని అనను గానీ, కారణాల్లో ఇదొకటి.

ఇంజనీరుకి మాత్రం ఈ ఖాళీ తలనొప్పి. పై అంతస్తుల్లో స్తంభాలు దగ్గర దగ్గరగా, దూలాలతో బిగిసి గాలికి ఎదురు నిలుస్తాయి. అడుగున గోడలు, దూలాలు తీసేసి పొడుగాటి స్తంభాలు మాత్రమే మిగిలిస్తే ఆ అంతస్తు మెత్తబడుతుంది. స్తంభం పొడవు రెట్టింపైతే, అదే బలానికి అది పక్కకి వంగడం రెండు రెట్లు కాదు, ఎనిమిది రెట్లు పెరుగుతుంది. కాబట్టి గాలి బలాన్ని బయటి స్తంభాల నుంచి లోపలి కోర్‌కి, అంటే లిఫ్టులుండే నడిమి భాగానికి మళ్లించాలి. ఏటీ అండ్ టీలో ఆ పని ఉక్కు పలకలతో చేసిన దృఢమైన పెట్టెలు చేస్తాయి, స్కై లాబీ మట్టం దగ్గర ఈ మార్పిడి జరుగుతుంది. కింద నిలబడి ‘ఎంత బరువైన రాతి స్తంభాలో’ అనుకునే చోట, నిజానికి గాలిని అడ్డుకుంటున్నది కంటికి కనబడని ఉక్కు.

జనానికి ఆ చోటు ఎంత ఉపయోగపడింది అన్నది వేరే ప్రశ్న. అది చీకటిగా, గాలి వీచే చోటుగా ఉందన్న విమర్శ మొదటినుంచీ ఉంది. 1990ల మొదట్లో భవనం సోనీ చేతికి వచ్చాక ఆ తెరిచిన నడవల్ని గాజుతో మూసి దుకాణాలు చేశారు, బదులుగా వెనక నడవాని బాగుచేశారు. నగరం ఒప్పుకున్నాకే ఇది జరిగింది. అంతస్తులు మాత్రం తిరిగి ఇవ్వలేదు, ఇవ్వడం కుదరదు కదా!

తల మీద: కిరీటం లోపల ఏముంటుంది

ప్రతి టవర్ నెత్తినా కూలింగ్ టవర్లు, లిఫ్టు యంత్రాలు, నీటి తొట్లు, కిటికీలు తుడిచే ఊయల మోసే క్రేను ఉంటాయి. మోడర్న్ భవనంలో వాటి చుట్టూ ఒక పెట్టె కడతారు. పోస్ట్‌మోడర్న్ భవనంలో వాటి మీద వాలుకప్పో, గుమ్మటమో వస్తుంది. కిరీటం పూర్తిగా దండగ ఖర్చు అనే వాదన అందుకే సగమే నిజం. ఎలాగూ కట్టాల్సిన చోటికే ఆకారం ఇస్తున్నారు. మిగతా సగం మాత్రం నిజమే: కూలింగ్ టవర్‌కి గాలి ఆడాలి కాబట్టి వాలుకప్పులో జాలీలు పెట్టాలి. పెట్టినచోటల్లా వాన. వాలు మీద ఊయల నిలవదు కాబట్టి గోడలు తుడవడానికి ప్రత్యేక పట్టాలు కావాలి. మంచు పడే ఊళ్లలో వాలు మీంచి గడ్డ జారి రోడ్డు మీద పడే ప్రమాదం.

హ్యూస్టన్ డౌన్‌టౌన్‌లో 700 లూసియానా వీధిలోని టవర్ చూస్తే ఈ కిరీటం సంగతి బాగా తెలుస్తుంది. 1983లో రిపబ్లిక్ బ్యాంక్ కోసం కట్టినది, 56 అంతస్తులు, 780 అడుగులు, ఎర్ర గ్రానైటు. పాత డచ్చి ఇళ్ల మెట్లమెట్ల త్రికోణపు ముఖం ఒకటి కాదు, మూడు వరుసలు. మొదటి భాగం 21వ అంతస్తు దగ్గర ఆగుతుంది, రెండోది 36 దగ్గర, మూడోది చివరిదాకా. మన గోపురం తలాలు ఒకదానికొకటి చిన్నవైనట్టు అనుకోవచ్చు, కాకపోతే ఇక్కడ ఒకే పక్కకి తగ్గుతాయి.

ఇలా అంచెలంచెలుగా తగ్గడం అందానికేనా? చాలా టవర్లలో దానికి లిఫ్టుల లెక్క తోడవుతుంది. 45 అంతస్తుల భవనంలో 18 లిఫ్టులు ఉన్నాయనుకోండి. అన్నీ అన్నిచోట్లా ఆగితే ఎవరూ సమయానికి చేరరు. అందుకే ఆరేసి చొప్పున మూడు జట్లు: 1 నుంచి 15, 16 నుంచి 30, 31 నుంచి 45. మొదటి జట్టు 15 దగ్గర ఆగిపోతుంది. ఒక లిఫ్టు గుంత సుమారు 7 చదరపు మీటర్లు. ఆరింటికి 42, వాటి ముందు నిలబడే చోటు 25, మొత్తం 67. యంత్రాలకి రెండు అంతస్తులు పోగా, పైనున్న 28 అంతస్తుల్లోనూ ఈ 67 చదరపు మీటర్లు ఖాళీ అవుతాయి, మొత్తం సుమారు 1,900 చదరపు మీటర్లు. కోర్ సన్నబడిన చోట అంతస్తు వెడల్పు అలాగే ఉంచితే కిటికీకి దూరంగా చీకటి జాగా పెరుగుతుంది, దానికి మంచి అద్దె రాదు. కాబట్టి గోడని కూడా లోపలికి జరపడం లెక్కకి సరిపోతుంది. అయితే జరిపిన ప్రతిచోటా ఒక కొత్త పైకప్పు, దాని కింద ఎవరో అద్దెకున్న ఆఫీసు. లీకులు ముందుగా మొదలయ్యేది అక్కడే.

హ్యూస్టన్ టవర్‌లో ఇంకో విచిత్రం ఉంది. ఆ స్థలంలో నాలుగోవంతు దాకా ఆక్రమించి వెస్ట్రన్ యూనియన్ వాళ్ల చిన్న భవనం ఉండేది. అందులోని టెలిగ్రాఫ్ యంత్రాలని కదిలించడం విపరీతమైన ఖర్చు. దాంతో దాన్ని కూల్చకుండా చుట్టూ, పైనా కొత్త భవనం కట్టేశారు. బయటి నుంచి చూస్తే గంభీరమైన బ్యాంకు హాలు, గ్రానైటు గోడ. లోపల ఒక పాత భవనం మొత్తం దాగి ఉంది. లోపలున్నది బయటికి కనబడాలి అన్న మోడర్న్ సిద్ధాంతానికి కట్టుబడితే ఈ పని అసలు సాధ్యమయ్యేది కాదు. వేషం కట్టడానికి ఇంతకంటే ప్రయోజనకరమైన కారణం వెతికినా దొరకదు.

మూల గదుల వ్యాపారం

బిల్డర్లు ఈ శైలిని అంత ఇష్టంగా ఎందుకు కొన్నారన్నదానికి సౌందర్య చర్చల్లో దొరకని ఒక జవాబు మూలల్లో ఉంది. అమెరికన్ కంపెనీల్లో రెండువైపులా కిటికీలున్న మూల గది హోదాకి గుర్తు. 40 మీటర్ల చదరపు అంతస్తుకి మూలలు 4. ఒక్కో మూలలో 3 మీటర్ల చదరం కోసేస్తే బయటికి పొడుచుకొచ్చిన మూలలు 8 అవుతాయి. బయటి గోడ పొడవు ముందూ 160 మీటర్లే, తర్వాతా 160 మీటర్లే, కొలిచి చూడండి. పోయింది 36 చదరపు మీటర్ల నేల, 1,600లో 2.25 శాతం. లాయర్ల సంస్థ ఒక్కటి ఆ అదనపు నాలుగు గదుల కోసం వచ్చినా ఆ నష్టం పూడుతుంది. గాజు పెట్టెలో ఈ మడతలు పాపం. కొత్త శైలిలో అవి ‘గతానికి నివాళి’.

ఎందుకు ఆ ఐదారేళ్లలోనే అన్ని లేచాయి?

అభిరుచి మారిందన్నది ఒక కారణం. పన్ను చట్టం ఇంకో పెద్ద కారణం. 1981 అమెరికా చట్టం వాణిజ్య భవనాల తరుగుదలని 15 ఏళ్లలో రాసేసుకోనిచ్చింది. 15 కోట్ల డాలర్ల భవనాన్ని సమానంగా రాస్తే ఏడాదికి కోటి డాలర్ల కాగితపు నష్టం, పన్ను పడే ఆదాయం ఆ మేరకు తగ్గుతుంది. 1986 చట్టం ఆ గడువుని 31.5 ఏళ్లకి పెంచింది. అదే భవనానికి ఏడాదికి సుమారు 47.6 లక్షలే. అద్దెకి జనం ఉన్నారో లేదో చూడకుండా కట్టినవాళ్లు అక్కడితో ఆగారు. హ్యూస్టన్‌లో దానికి చమురు ధరల పతనం తోడైంది. రిపబ్లిక్ బ్యాంకు 1988లో కుప్పకూలింది, దాని పేరు మోసిన టవర్ తర్వాత చాలాకాలం బ్యాంక్ ఆఫ్ అమెరికా సెంటర్‌గా ఉండి, 2019లో టీసీ ఎనర్జీ సెంటర్ అయింది. ఏటీ అండ్ టీ సంగతి ఇంకా విచిత్రం. భవనం పూర్తయిన 1984లోనే, జనవరి 1న, ప్రభుత్వంతో రాజీ ప్రకారం ఆ కంపెనీ ముక్కలైంది. ఒక సామ్రాజ్యం కోసం కట్టిన సింహాసనం, కూర్చునే వేళకి సామ్రాజ్యం చెదిరిపోయింది.

కాపాడాలా, మార్చాలా?

పోర్ట్‌లాండ్ బిల్డింగ్ దగ్గర ఈ ప్రశ్న అన్నిటికంటే కష్టమైన రూపంలో వచ్చింది. మైకేల్ గ్రేవ్స్ గీసిన ఆ 15 అంతస్తుల నగర కార్యాలయం 1982లో తెరిచారు. శైలికి తొలి పెద్ద ఉదాహరణగా ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంటుంది. అందులో పనిచేసినవాళ్లకి మాత్రం చిన్న చదరపు కిటికీలు, నల్లటి గాజు, తక్కువ వెలుతురు, గోడల్లోంచి నీరు. సుమారు రెండున్నర కోట్ల డాలర్ల చవక బడ్జెట్‌లో కాంక్రీటు మీద రంగు వేసి రాతి వైభవం చూపించబోతే ఇంకేమవుతుంది! 2011లో దాన్ని జాతీయ చారిత్రక రిజిస్టర్‌లో చేర్చారు. 2017–2020 మధ్య 19.5 కోట్ల డాలర్లతో బాగుచేసినప్పుడు మొత్తం భవనాన్ని అల్యూమినియం తొడుగుతో కప్పేశారు. రంగులు, ఆకారాలు పాతవే, గాజు మాత్రం తేటది. కింద పాత కాంక్రీటు అలాగే ఉంది.

పరిరక్షణవాదులు ఇది పునరుద్ధరణ కాదు, అదే ఆకారంలో కొత్త భవనం అన్నారు. అసలు పదార్థం కళ్లకి కనబడకపోతే మిగిలింది బొమ్మే అన్నది వాళ్ల వాదన. నగర యంత్రాంగం వైపు నుంచి చూస్తే, కారుతున్న గోడని అలాగే అతుకులేస్తూ పోవడం కన్నా వాన ఆపే తొడుగు వేయడమే భవనాన్ని బతికిస్తుంది. ఈ శైలి మొదటినుంచీ ఆకారానికే ప్రాణమిచ్చింది, పదార్థానికి కాదు. అలాంటప్పుడు తొడుగు మార్చి ఆకారం నిలబెట్టడం దాని స్వభావానికి విరుద్ధమేమీ కాదనిపిస్తుంది. రాయినే నమ్ముకున్న ఏటీ అండ్ టీ విషయంలో ఇదే మాట అనలేం. అక్కడ గ్రానైటు తీసి గాజు పెడితే ఆకారమూ పోతుంది, పదార్థమూ పోతుంది.

ఇంత కొత్త భవనాలకి ‘వారసత్వం’ ఏమిటన్నది ఇంకో అభ్యంతరం. న్యూయార్క్ నిబంధన 30 ఏళ్లు నిండితే చాలంటుంది. జాతీయ రిజిస్టర్ మామూలుగా 50 ఏళ్లు అడుగుతుంది, అసాధారణ ప్రాముఖ్యం ఉంటే సడలిస్తుంది. పోర్ట్‌లాండ్‌కి 29 ఏళ్లకే ఆ సడలింపు దొరికింది. ముప్పై, నలభై ఏళ్ల వయసులోనే భవనానికి అసలు గండం ఉంటుంది. అప్పటికి సీలెంట్లు ఎండిపోతాయి, ఏసీ యంత్రాలు అరిగిపోతాయి, మొదటి యజమాని అమ్మేసి ఉంటాడు, శైలి పాతబడి ఉంటుంది గానీ పురాతనం అయి ఉండదు. 50 ఏళ్లు ఆగితే కాపాడటానికి ఏమీ మిగలకపోవచ్చు. మరోవైపు, ప్రతి తరం తన ముందు తరం వేలంవెర్రిని స్మారకం చేసుకుంటూ పోతే ఆఫీసు భవనాన్ని ఎవరూ బాగుచేసుకోలేరన్న యజమానుల బాధనీ కొట్టిపారేయలేం.

550 మాడిసన్‌లో చివరికి మధ్యేమార్గం కుదిరింది. 2019 ఫిబ్రవరిలో ఒప్పుకున్న కొత్త ప్లానులో వీధివైపు గ్రానైటు నిలిచింది, వెనక నడవా పోయి తోట వచ్చింది. అయితే 2018 రక్షణ భవనం బయటి భాగానికే. లోపలి లాబీని ఆ ఏడాది మొదట్లోనే, రక్షణ రాకముందే, పగలగొట్టేశారు. ఆ లాబీ నడుమ 24 అడుగుల బంగారు పూత విగ్రహం ఒకటి నిలబడి ఉండేది. 1916లో ఎవెలిన్ బియాట్రిస్ లాంగ్‌మన్ చేసిన ఆ విగ్రహం మొదట కంపెనీ పాత భవనం శిఖరం మీద ఉండేది. 1992లో కంపెనీ ఖాళీ చేస్తూ దాన్ని న్యూజెర్సీకి తీసుకుపోయింది. 2009 నుంచి అది డాలస్ డౌన్‌టౌన్‌లో, చదునైన కప్పున్న ఒక మామూలు ఆఫీసు టవర్ లాబీలో ఉంది.